నీలం పెన్సిలు

గ్వాల్దీను పోయాడని
మంగలి షాపు రేడియో చెప్పింది.
సగం గీసిన గడ్డంతో లేచి నిలబడ్డాను.
"బంధువా?" అన్నాడు ఫిర్మీను, కత్తి పక్కకి తీసి.
ఏమని చెప్పను?
ఇరవై రెండేళ్లు అతని ప్రతి పాటకీ
మొదటి శ్రోతని నేనే.
చప్పట్లు కొట్టని శ్రోతని.

లిస్బన్‌లో, సెన్సారు ఆఫీసు మూడో అంతస్తులో,
నదికి వీపు పెట్టిన కిటికీ పక్కన నా బల్ల.
నాటకం కంపెనీ కుర్రాడు తెచ్చే కాగితాలు
కాల్చిన సార్డీన్ చేపల వాసన వేసేవి.
నెలకి నాలుగు నీలం పెన్సిళ్లు.
సంతకం పెట్టి తీసుకోవాలి,
ముక్కలు తిరిగి అప్పజెప్పాలి.

మొదటి పాటలో ఏమీ లేదు.
టిక్కెట్టుకి చిల్లర లేక
ట్రాము కండక్టరుకి గుండీ కుట్టిపెట్టే దర్జీపిల్ల.
పాస్ చేశాను.
వారం తిరిగేసరికి
మా సందులో బట్టలారేసే ఆడవాళ్లందరి నోటా ఆ గుండీయే.
మా ఆవిడ సూపు కలుపుతూ కూనిరాగం తీస్తుంటే
"నేనే వదిలాను దాన్ని" అన్నాను.
ఆవిడ గరిటె ఆపలేదు.

అల్ఫామా మెట్ల కింద
చెప్పులు కుట్టేవాడి కొడుకు అతను.
చదువు నాలుగో తరగతి.
మాత్రలు వేళ్ల మీద కాదు,
నాన్న సుత్తిదెబ్బల మీద లెక్కపెట్టేవాడట.
సినిమా వాళ్లు పిలిచారు. పొడుగు కారు వచ్చింది,
రెండేళ్లకి అప్పులవాళ్లు దాన్ని తోలుకుపోయారు.
పెద్ద తార ఎర్మెలిందా మాటల్ని నమిలేస్తోందని
షూటింగు ఆపించి, మెట్ల మీద కూర్చుని
ఆమె పళ్ల సందుకి సరిపడా
చరణం మళ్లీ కత్తిరించి ఇచ్చాడట.
ఇవన్నీ పత్రికల్లో చదివినవి.
అతని మొహం నేను చూళ్లేదు, చేతిరాత తప్ప.

రొట్టె ధర పెరిగిందని రాశాడు. కొట్టేశాను.
మర్నాడు రొట్టె తీసేసి చంద్రుణ్ణి పెట్టాడు.
"చంద్రుడి ధర మళ్లీ పెరిగింది" అనగానే
హాలు హాలంతా గొల్లుమంది.
చంద్రుణ్ణి కొట్టేశాను.
గొడుగు వచ్చింది. గొడుగూ పోయింది.
చివరికి ఆ చోట ఉత్త లలలా మిగిలింది,
జనం మరీ పడీపడీ నవ్వారు.
పై అధికారికి చూపిస్తే
చాలాసేపు ఆలోచించి, అంచున రాశాడు:
"రెండు లలు చాలు."

ఒక్క పాట మాత్రం...
"పడవ మీద తమ్ముడి పేరు వచ్చిందమ్మా,
తమ్ముడు రాలేదు."
ఆ వారమే మా అక్క కొడుకు అంగోలాకి ఓడెక్కాడు.
కొట్టేశాను.
గీత కొంచెం వంకర పోయింది.

ఆ తర్వాత ఏప్రిల్. తుపాకి గొట్టాల్లో పువ్వులు.
మా ఫైళ్లు కిటికీలోంచి వీధిలోకి ఎగిరాయి.
కొత్త కుర్రాళ్లు కొత్త పాటలు తెచ్చారు,
గుండీ పాట ముసలివాళ్ల పాటైపోయింది.

ఒక సాయంత్రం తలుపు తీస్తే
టోపీ చేత్తో పట్టుకుని బట్టతల మనిషి.
"నీలం పెన్సిలు నువ్వేగా?"
కొడతాడనుకున్నాను.
"కాగితాలన్నీ వరదలో పోయాయి.
పడవ పాట రెండో చరణం గుర్తు రావడం లేదు.
నీకైతే గుర్తుంటుందని..."

గుర్తుంది.
చంద్రుడు, గొడుగు, అన్నీ అప్పజెప్పాను,
తెల్లారగట్ల పాలవాడొచ్చేదాకా.
రాసుకోవడానికి పెన్సిలడిగాడు.
ఇంట్లో ఉన్నది నీలమే.

మధ్యలో ఒకచోట ఆగి
"ఇది బాలేదు. నువ్వు కొట్టెయ్యడమే మంచిదైంది" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు.

చెప్పినవాటిలో ఒక పంక్తి అతనిది కాదు, నాది.
ఎన్నాళ్లుగానో నాలుక కింద దాచుకున్నది.
విని తలెత్తి చూశాడు.
పెన్సిలు కాసేపు గాల్లో ఆగింది.
కాగితం మీద దిగినప్పుడు
రాశాడో, గీశాడో
నేను కూర్చున్న చోటు నుంచి కనబడలేదు.

"సబ్బు ఆరిపోతోంది, కూర్చోండి" అన్నాడు ఫిర్మీను.
రేడియోలో గుండీ పాట మొదలైంది.
గడ్డం కింద కత్తి పెట్టి
"కదలకండి" అన్నాడు,
"పెదాలు కూడా."